నాలుగూ ఒకేసారా?

ఆషాఢమాసం రాగానే బట్టల దుకాణాలవారు తగ్గింపు బోర్డులు కడతారు. రెండు చీరెలు కొంటే మూడవది ఉచితం. మూడవ చీరె మనకు అవసరమా అని ఎవరూ ఆలోచించరు. వదిలేస్తే ఎంత నష్టమో అని మాత్రం ఆలోచిస్తారు. చీరెల విషయంలో ఈ తత్త్వం వల్ల వచ్చే ప్రమాదమేమీ లేదు. బీరువాలో చోటు తగ్గుతుంది, అంతే. కాని ఇదే లెక్కను ఆపరేషను బల్ల మీదికి తీసుకొని వెళ్లేవారు ఈ రోజుల్లో బాగా కనిపిస్తున్నారు. వేలాడే పొట్ట చర్మాన్ని తీయించుకొందామని వెళ్లినవారికి, "ఎలాగూ మత్తు ఇస్తున్నాం గదా, చేతులు కూడా చేసేద్దామా? తొడలు వద్దా?" అనే ప్రశ్న ఎదురవుతున్నది. మత్తు ఒక్కసారే, థియేటరు ఖర్చు ఒక్కసారే, సెలవు ఒక్కసారే. వినడానికి బాగానే వుంటుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన అవసరం నాకే వచ్చింది. కనుక నేను విన్నదీ, చదివినదీ, ఆలోచించినదీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. హైదరాబాదులో ఒక హైస్కూల్లో లెక్కల టీచరును. అంకెలు చూపకుండా నన్ను నమ్మించడం కొంచెం కష్టమని మావారు అంటూ వుంటారు.

చర్మం మాట వినదు

నాకు 46 ఏళ్లు. రెండేళ్ల క్రిందట నా బరువు 112 కిలోలు. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు గురక. డాక్టర్ల సలహా మీద జీర్ణకోశాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషను చేయించుకొన్నాను. ఇప్పుడు 68 కిలోలు. షుగరు మాత్రలు మానేశాను. మెట్లు ఎక్కగలుగుతున్నాను. చూసినవారంతా మెచ్చుకొన్నారు. నన్ను మెచ్చుకోనిది నా చర్మం ఒక్కటే.

ఏళ్ల తరబడి సాగిన చర్మంలో, దానిని తిరిగి ముడుచుకొనేటట్లు చేసే పోగులు దెబ్బతిని పోతాయి. లోపలి కొవ్వు కరిగినా పైతొడుగు అట్లాగే మిగిలిపోతుంది. వ్యాయామం చేస్తే కండ గట్టిపడుతుంది గాని, వేలాడే చర్మం గట్టిపడదు. నా పొత్తికడుపు మీద మడత జారి, ఆ మడత క్రింద ఎండాకాలమంతా చెమట పట్టి, ఒరిసి, తామర లేచేది. మందు రాస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే భుజం క్రింది చర్మం వూగేది. పిల్లలు నవ్వలేదు. అయినా ఎడమ చేత్తో కొంగు లాగి కుడి చేతికి కప్పుకొని రాయడం నాకు అలవాటైపోయింది.

"ఇది సోకు కోసమా, ఆరోగ్యం కోసమా అమ్మాయ్?" అని మా అత్తగారు అడిగారు.

"రెండూ వున్నాయి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే తామర వచ్చే చోటు ముందు చూపించుకో" అన్నారు. తరువాత నేను కలిసిన డాక్టర్లలో కొందరు అరగంట సేపు చెప్పినదాని సారం కూడా ఇదే.

వేలాడే పొట్టను కోసి తీయడం కొత్త సంగతేమీ కాదు. 1899లోనే అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ అనే డాక్టరు ఒక స్త్రీ పొట్ట మీది నుంచి సుమారు ఏడున్నర కిలోల చర్మాన్నీ, కొవ్వునూ కోసి తీశారు. ఆ రోజుల్లో ఒక్క పొట్ట ఆపరేషనే సాహసం. ఇప్పుడు మత్తు మెరుగైంది, సూక్ష్మజీవుల మందులు వచ్చాయి, రక్తం దొరుకుతున్నది. అందువల్లనే "ఇంకొకటి కూడా" అనే ధైర్యం వచ్చింది.

బేరం

నేను మొదట వెళ్లిన చోట వారు నా శరీరాన్ని పైనుంచి క్రిందిదాకా చూసి నాలుగు పనులు రాశారు. పొట్ట, రొమ్ములు, చేతులు, తొడలు. రెండు బృందాలు కలిసి పనిచేస్తే ఎనిమిది, తొమ్మిది గంటల్లో అన్నీ అయిపోతాయన్నారు. వేరు వేరుగా చేయించుకొంటే అయ్యేదానికంటె సుమారు లక్షన్నర రూపాయలు తగ్గుతుందని ఖర్చులు వివరించే అమ్మాయి కాగితం మీద లెక్క వేసి ఇచ్చింది.

లక్షన్నర చిన్న మొత్తం కాదు. పైగా ఇందులో ఇన్సూరెన్సువారి చెయ్యి వుండదు. మన దేశంలో బరువు తగ్గించే ఆపరేషనుకు బి.ఎం.ఐ. 40 దాటినవారికి, లేక 35 దాటి షుగరువంటి తీవ్రమైన జబ్బులున్నవారికి, కొన్ని షరతుల మీద ఇన్సూరెన్సు వర్తిస్తుంది. దాని తరువాత మిగిలిన చర్మాన్ని తీయించుకొనడం మాత్రం మామూలుగా "సౌందర్యం" పద్దు క్రిందికి పోతుంది. ప్రతి రూపాయీ మన చేతినుంచే పోవాలి. అందుకే తగ్గింపు అనే మాట చెవికి అంత ఇంపుగా వుంటుంది.

డబ్బుకంటె పెద్ద ఆకర్షణ మా చెల్లెలి దగ్గరనుంచి వచ్చింది. అది డల్లాసులో వుంటుంది. ఫోను చేసి, "అక్కా, నేను మూడు వారాలు సెలవు పెట్టుకొని వస్తాను. నీ దగ్గరే వుంటాను. అన్నీ ఒకేసారి చేయించేసుకో. మళ్లీ మళ్లీ సెలవు నాకు దొరకదు" అన్నది. అంత దూరంనుంచి వచ్చి సేవ చేస్తానన్న మనిషికి వద్దని ఎట్లా చెప్పడం?

ఒకేసారి అన్నవారి వాదంలో నిజం లేకపోలేదు. మత్తు ఒక్కసారే పుచ్చుకోవాలి. ఉపవాసం, పరీక్షలు, ఇంజక్షన్లు, పిల్లల భోజనాల ఏర్పాట్లు, బంధువుల పరామర్శలు అన్నీ ఒక్కసారితో తీరిపోతాయి. ఒక ఆపరేషను అయిన తరువాత రెండవదానికి మనసు ఒప్పక సగంలో ఆగిపోయేవారు కూడా వున్నారు. కనుక ఈ ప్రశ్నను తోసిపుచ్చకుండా లెక్క చూడవలసిందే.

అంకెలు ఏమంటున్నాయి?

అమెరికాలో సౌందర్య ఆపరేషన్ల తరువాత ఏదైనా పెద్ద చిక్కు వస్తే ఆ ఖర్చు భరించే ఒక ఇన్సూరెన్సు ఏర్పాటు వున్నది. దాని రికార్డుల ఆధారంగా 25,478 పొట్ట ఆపరేషన్లను పరిశీలించి 2015లో ఒక వ్యాసం ప్రచురించారు. చిక్కు అంటే చిన్న నొప్పీ, వాపూ కాదు. నెల రోజుల లోపల తిరిగి ఆసుపత్రిలో చేరడమో, మళ్లీ కోయవలసి రావడమో, అట్టివి.

పొట్ట ఆపరేషను ఒక్కటే చేయించుకొన్నవారిలో నూటికి 3.1 మందికి అట్టి చిక్కు వచ్చింది. దానితో పాటు కొవ్వు పీల్చే లైపోసక్షన్ కూడా చేయించుకొంటే 3.8. పొట్టతో రొమ్ముల ఆపరేషను కలిపితే 4.3. ఆ మూడూ కలిపితే 4.6. పొట్టతో చేతులు, తొడలు, నడుం వంటి మరొక చర్మం కోత కలిపితే 6.8. దానికి లైపోసక్షన్ కూడా చేరిస్తే 10.4.

ఈ వరుసను పిల్లలకు లెక్క చెప్పినట్లు రెండుసార్లు చూడాలి. మొదటి చూపులో "కలిపిన కొద్దీ ప్రమాదం పెరుగుతున్నది" అని తోస్తుంది. అది నిజమే గాని, అక్కడితో ఆగితే లెక్క పూర్తి కాదు. విడివిడిగా రెండుసార్లు చేయించుకొన్నా రెండు ప్రమాదాలు కలవవలసిందే గదా? అదే పరిశీలనలో పొట్ట కాక ఇతర సౌందర్య ఆపరేషన్లన్నిటికీ కలిపి చిక్కుల పాలు 1.4. పొట్టకు 3.1, మరొకసారికి ఉజ్జాయింపుగా 1.4 వేసుకొంటే 4.5 అవుతుంది. పొట్టా రొమ్ములూ ఒకేసారి అయితే 4.3. అంటే ఈ జంట విషయంలో కలిపినందువల్ల పెద్దగా పోయిందేమీ లేదు. కాని 6.8, 10.4 అంకెలు అట్లా లేవు. అక్కడ కూడిక దాటి గుణకారం మొదలైంది.

కాబట్టి "కలపవచ్చునా, కలపరాదా" అనే ప్రశ్నే సరిగా లేదు. దేనితో దేనిని, ఎన్ని గంటల్లో, ఎవరి శరీరం మీద అన్నవి అసలు ప్రశ్నలు. పై అంకెలు అమెరికా ఆసుపత్రులవి, అక్కడ అర్హత పొందిన సర్జన్లవి. వాటిని మన వూరికి అచ్చుగుద్దినట్లు తెచ్చుకోకూడదు. కాని వరుస ఏ దిక్కుగా పోతున్నదో తెలుసుకొనడానికి చాలును.

గడియారం చెప్పే మాట

మూడవ చోట ఒక పెద్ద సర్జనుగారిని కలిశాను. ఆయన నన్ను చూసిన తరువాత నేరుగా మత్తు డాక్టరు దగ్గరికి పంపారు. నాకు ఎక్కువ జ్ఞానం కలిగింది అక్కడనే. ఆమె నా పొట్ట చూడలేదు, చేతులు చూడలేదు. పిక్కలు నొక్కి చూసి, "అమ్మా, మీకు గాని, మీ ఇంట్లో ఎవరికైనా గాని, ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డ కట్టిందా?" అని అడిగింది.

మా అమ్మకు మోకాలి ఆపరేషను అయిన తరువాత అట్లా జరిగింది. చెప్పాను. డాక్టరమ్మ కలం తీసుకొని ఏదో కూడిక మొదలు పెట్టింది.

మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తూ వుంటాయి. మత్తులో గంటల తరబడి కదలక పడివుంటే ఆ పని ఆగిపోతుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. పొట్ట ఆపరేషనులో చర్మం తీయడమే గాక సడలిన పొట్ట కండరాలను దగ్గరికి లాగి కుడతారు. దానితో కడుపు లోపలి ఒత్తిడి పెరిగి, కాళ్లనుంచి పైకి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. తరువాత నొప్పి వల్ల మనిషి మంచం దిగదు. కాలిలో కట్టిన గడ్డ వూడి వూపిరితిత్తులకు చేరిందా, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

ఈ ప్రమాదాన్ని ముందుగా కొలవడానికి కాప్రినీ పట్టిక అని ఒకటి వున్నది. ఒక్కొక్క విషయానికి ఇన్ని మార్కులని వేస్తారు. వయస్సు 41 నుంచి 60 లోపల వుంటే 1. బి.ఎం.ఐ. 25 దాటితే 1, నాది 27. ముప్పావుగంట దాటే పెద్ద ఆపరేషనుకు 2. రక్తసంబంధీకులలో గడ్డ కట్టిన చరిత్ర వుంటే 3. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి మరొక 1. అవి నాకు లేవు. మొత్తం 7 మార్కులు. పరీక్షల్లో మార్కులు ఎక్కువ వస్తే సంతోషించే వృత్తి నాది. ఈ ఒక్క పరీక్షలో తక్కువ వస్తే బాగుండునని అనిపించింది.

ప్లాస్టిక్ సర్జరీ రోగులలో, రక్తం పలచబడే మందు ఇవ్వని పక్షంలో, 3, 4 మార్కులవారిలో నూటికి 0.6 మందికి, 7, 8 మార్కులవారిలో నూటికి 2.7 మందికి, 8 దాటినవారిలో నూటికి 11 మందికి గడ్డ కట్టినట్లు 2011లో అమెరికాలో తేల్చారు. మందు ఇంజక్షను ఇస్తే ప్రమాదం తగ్గుతుంది. కాని అక్కడ మరొక తిరకాసు వున్నది. రక్తం పలచబడితే కోసిన చోటల్లా లోపల రక్తం చేరే అవకాశం పెరుగుతుంది. ఒక్క చోట కోస్తే ఒక్క చోటే కాపలా. నాలుగు చోట్ల కోస్తే నాలుగు చోట్లా కాపలా.

గంటలు పెరిగిన కొద్దీ వచ్చేవి ఇంకా వున్నాయి. విప్పివున్న శరీరం చల్లబడుతుంది; చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, గాయానికి చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ప్రతి కోతలోనూ కారిన రక్తం కొద్దికొద్దిగా కలిసి పెద్ద మొత్తమవుతుంది. బేరియాట్రిక్ ఆపరేషను చేయించుకొన్నవారికి అసలే ఇనుము, బి-12 తక్కువగా వుంటాయి. నా హిమోగ్లోబిను 10.2 వున్నది. ఆడవారికి 12 వుండాలి. "ఇది 12కు రానిదే ఒక్క ఆపరేషను కూడా లేదు. నాలుగు మాట తరువాత చూద్దాం" అని డాక్టరమ్మ కాగితం మడిచేసింది.

ఫ్లోరిడా రాష్ట్రంలో, డాక్టర్లు తమ సొంత క్లినిక్కుల్లో చేసే సౌందర్య ఆపరేషన్లకు నిబంధనలు విధించారు. అన్నీ కలిపి 8 గంటలు మించరాదు. లైపోసక్షన్ ఒక్కటే అయితే 4 లీటర్ల కొవ్వు దాకా తీయవచ్చును. పొట్ట ఆపరేషనుతో కలిపితే 1 లీటరుకు మించరాదు. అనుభవాన్ని బట్టి వచ్చిన నిబంధనలు ఇవి.

వారి పేర్లు మనం విన్నవే

2007 నవంబరులో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో డోండా వెస్ట్ అనే 58 ఏళ్ల స్త్రీ పొట్ట, రొమ్ములు, లైపోసక్షన్ ఒకే రోజున చేయించుకొని ఇంటికి వెళ్లింది. మరునాడు మరణించింది. ఆమె షికాగోలో ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేసిన విదుషి. ప్రసిద్ధ గాయకుడు కాన్యే వెస్టుకు తల్లి. ఆమెకు గుండె రక్తనాళాల జబ్బు వున్నదని, దానితో పాటు ఆపరేషను తరువాతి అనేక కారణాలు కలిశాయని మరణ విచారణలో తేలింది. తరువాత 2009లో కాలిఫోర్నియాలో, సౌందర్య ఆపరేషనుకు ముందు రోగిని పరీక్షించి ఆరోగ్యం సరిగా వున్నదని రాతపూర్వకంగా ఇవ్వాలని, ఆమె పేరు మీద చట్టం చేశారు.

మన తెలుగువారికి ఆర్తీ అగర్వాల్ ముఖం ఇంకా కళ్ల ముందు వున్నది. 2001లో "నువ్వు నాకు నచ్చావ్" చూసినవారు ఆ నవ్వును మరచిపోలేరు. 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. అంతకు కొద్ది వారాల ముందు లైపోసక్షన్ చేయించుకొన్నదని పత్రికలు రాశాయి. దానికీ మరణానికీ ఎంత సంబంధం వున్నదో తీర్పు చెప్పడం నా పని కాదు. ఇట్టి ఆపరేషనును బ్యూటీ పార్లరుకు వెళ్లి వచ్చినట్లు అనుకోకూడదని మాత్రం ఆ వార్త చదివిన రోజే నాకు తోచింది.

ఇంటి లెక్క వేరే వున్నది

ఆసుపత్రిలో రెండు మూడు రోజులు. ఆ తరువాత ఇల్లు. ఈ భాగం గురించి ఖర్చుల కాగితంలో ఒక్క ముక్క వుండదు.

పొట్ట ఆపరేషను అయినవారు వారం పది రోజులపాటు కాస్త వంగి నడవాలి. పడుకొని లేవాలంటే పొట్ట బిగించరాదు. చేతుల మీద ఆనుకొని లేవాలి. చేతుల ఆపరేషను అయినవారు చేతుల మీద ఆనరాదు. పొట్ట బలంతో లేవాలి. రెండూ ఒకేసారి అయినవారు ఎట్లా లేస్తారు? మరొకరు లేపాలి. రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే మరొకరు లేపాలి. తల దువ్వుకోలేరు, జాకెట్టు వేసుకోలేరు. దానికి తొడలు కూడా చేరితే కూర్చోవడమూ కష్టమే. గజ్జలలో కుట్లు చెమటకు త్వరగా మానవు. ఇట్టి మనిషి మంచం దిగి నడవదు. నడవకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

మావారు మంచివారే. కాని వారానికి మూడు రోజులు వుద్యోగరీత్యా ప్రయాణాలు. అత్తగారికి 78 ఏళ్లు. నన్ను లేపబోయి ఆవిడ పడితే ఇద్దరినీ లేపేవారుండరు. చెల్లెలు వుండేది మూడు వారాలు. గొట్టాలు తీసేదాకా వాటిలో చేరిన నీరు రోజూ కొలవాలి. ఆరు వారాలపాటు బిగుతు తొడుగు వేసుకోవాలి, బరువులు ఎత్తరాదు. గ్యాసు సిలిండరు, మంచినీళ్ల టిన్ను సరేసరి. పప్పుతో నిండిన పెద్ద కుక్కరు కూడా బరువే.

మాటవరసకు విదేశాలలోని మన ఆడపడుచుల సంగతి కూడా చెప్పాలి. నెల రోజుల సెలవు మీద ఇక్కడికి వచ్చి, అన్నీ ఒకేసారి చేయించుకొని, వెంటనే విమానం ఎక్కుదామనుకొనేవారున్నారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలక కూర్చుంటే గడ్డ కట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. ఆ మాట ఆరోగ్యవంతులకే వర్తిస్తుంది. పచ్చి కుట్లతో అమెరికా దాకా కూర్చొనేవారి సంగతి వేరే చెప్పాలా?

ఏది దేనితో కలుస్తుంది?

సర్జనుగారు నా చేతికి ఒక కాగితం ఇచ్చి, "నాలుగింటిలో మిమ్మల్ని రోజూ బాధపెట్టేది ఏదో వరుసగా రాయండమ్మా" అన్నారు. మొదట పొట్ట రాశాను. తరువాత చేతులు. తరువాత రొమ్ములు. తొడల దగ్గర కలం ఆగింది. తొడల బాధ నాకు అంతగా లేదు. జాబితాలో రాసివున్నది కనుక అది కూడా కావాలని అనుకొన్నాను, అంతే. ఆయన దానిని కొట్టివేశారు. లక్షన్నర తగ్గింపులో కొంత భాగం నాకు అక్కరలేని పనికే ఇస్తున్నారన్నమాట!

మిగిలిన మూడింటి సంగతి ఆయన ఇట్లా వివరించారు. చర్మాన్ని ఏ దిక్కుకు లాగుతామో చూడాలి. పొట్ట చర్మాన్ని క్రిందికి లాగుతారు, రొమ్ములను పైకి ఎత్తుతారు. మధ్య చర్మం ఒక్కటే. ఆరోగ్యం బాగున్న వయస్సువారికి, కాస్త చర్మం మిగిలివున్నవారికి, ఈ రెండూ ఒకేసారి చేస్తారు. అంకెలు కూడా దానికి అడ్డు చెప్పవు. చేతులు, రొమ్ములు మాత్రం చక్కని జంట. రెండూ వెల్లకిల పడుకోబెట్టి చేసేవే. రెండు కోతలూ చంక దగ్గర కలుస్తాయి. ముఖ్యంగా, కాళ్లూ పొట్టా స్వేచ్ఛగా వుంటాయి గనుక రోగి ఆనాటి సాయంత్రమే లేచి నడవవచ్చు.

మరొక కారణం కూడా చెప్పారు. మన చామనచాయ చర్మాలకు మచ్చ ఉబ్బి గట్టిపడే స్వభావం ఎక్కువ. పొట్ట మీది మచ్చ చీరె క్రింద దాగుతుంది. చేతి మచ్చ చంకనుంచి మోచేతిదాకా వుంటుంది, దాగదు. దాగే చోటి మచ్చ ఎట్లా మానుతుందో చూసి, దాగని చోట కోయాలా వద్దా అని నిశ్చయించుకొనే అవకాశం విడిగా చేయించుకొనేవారికే వుంటుంది. ఒకేసారి చేయించుకొన్నవారికి ఆ అవకాశం లేదు.

నా నిశ్చయం

నాలుగూ ఒకేసారి కాదు, నాలుగుసార్లూ కాదు. మొదట పొట్ట ఒక్కటే. మూడు నాలుగు గంటల పని. నా మార్కులు 7 గనుక రక్తం పలచబడే ఇంజక్షను, కాళ్లకు గాలి తొడుగులు, ఆనాటి సాయంత్రమే నడక. ఆరు నెలల తరువాత చేతులు, రొమ్ములు కలిపి ఒకసారి. తొడలు లేవు.

తగ్గింపు పోయింది. ఆ మేరకు వచ్చే చిట్టీ పాడుకోవాలి. మావారు కాగితం మీద వడ్డీ వేసి చూసి, మాట్లాడకుండా జేబులో పెట్టుకొన్నారు. చెల్లెలికి ఫోను చేసి, "మూడు వారాలు మొదటిసారికి రా. రెండవసారికి నేను నడవగలను, నువ్వు రానక్కరలేదు" అన్నాను. అది కాస్త నొచ్చుకొన్నది గాని, అమ్మ కాలి సంగతి గుర్తు చేయగానే ఒప్పుకొన్నది. దానికి కూడా ఆ మూడు మార్కులూ వున్నాయి మరి.

నా నిశ్చయమే అందరికీ సరిపడాలని నేను అనను. 35 ఏళ్ల ఆరోగ్యవంతురాలికి, ఇంట్లో ఇద్దరు మనుషులున్నదానికి, రెండు కలిపి చేయించుకొనడమే మేలు కావచ్చు. కాని సంతకం పెట్టే ముందు ప్రతివారూ ఈ కొద్ది ప్రశ్నలు అడగాలి:

మొత్తం ఎన్ని గంటలు? ఆ గంటలు దాటితే మధ్యలో ఆపి, మిగిలినది తరువాత చేస్తారా?

గడ్డ కట్టే ప్రమాదానికి నా మార్కులు ఎన్ని? వాటిని ఎవరు లెక్క వేశారు?

బరువు కనీసం మూడు నెలలుగా నిలకడగా వున్నదా? హిమోగ్లోబిను ఎంత? రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులైనా తింటున్నానా?

కోసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని డి.ఎన్.బి. గాని వున్నదా? రాత్రి వేళ చిక్కు వస్తే అక్కడే ఐ.సి.యు., రక్తం వున్నాయా?

ఇంటికి వెళ్లిన తరువాత మొదటి పది రాత్రులు నన్ను లేపేది ఎవరు?

ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పవలసింది డాక్టరు కాదు, మనమే. దానికి ఒక మనిషి పేరు రాయలేకపోతే, ఎంత తగ్గింపు ఇచ్చినా ఒకేసారి అనే మాటకు తల వూపకూడదు.

ఇనుము ఇంజక్షన్లు పుచ్చుకొంటున్నాను. పోయిన వారం పరీక్షలో హిమోగ్లోబిను 11.4 వచ్చింది. 12 అయితే దసరా సెలవుల్లో మొదటిది. రెండవది వేసవి సెలవులకు, మొదటి మచ్చ ఎట్లా మానిందో చూసిన తరువాత.